మాస్టారి ఓటు మాస్టారే వేయాలి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దని కోరింది. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"నా వయసు 29. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. నాలుగేళ్ల కిందట కొంతమంది స్నేహితులం కలిసి మా ఊరి గురించి ఒక వికీ మొదలుపెట్టాం. పాత వీధుల పేర్లు, మూతపడిన సినిమా హాళ్లు, ప్రింటింగ్ ప్రెస్సుల కాలం, మిర్చి యార్డులో పనిచేసేవాళ్ల మాటలు, ఇలా ఎవరికి తెలిసింది వాళ్లు రాస్తారు, తప్పుంటే ఇంకొకరు దిద్దుతారు. ఇప్పుడు నలభై మందిమి ఉన్నాం. అందరికంటే ఎక్కువ రాసింది మా నాన్నకు చదువు చెప్పిన తెలుగు మాస్టారు. ఆయనకు 72 ఏళ్లు. గ్లకోమా వల్ల పదేళ్ల కిందటే చూపు పూర్తిగా పోయింది. కంప్యూటర్లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, అది చదువుతుంటే వింటూ, తనే టైప్ చేసి నూట పది పేజీలు రాశారు.

మూడు నెలల కిందట వికీకి కొత్త నిర్వాహకుణ్ణి ఎన్నుకోవాలనుకున్నాం. ముగ్గురు పోటీలో ఉన్నారు. పోల్ నేనే తయారుచేశాను. చూడ్డానికి బాగుండాలని ముగ్గురి ఫోటోలూ రంగుల పెట్టెల్లో పెట్టాను. ఫోటో మీద నొక్కితే పెట్టె ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. దొంగ ఓట్లు పడకుండా వంకర అక్షరాల క్యాప్చా, తొంభై సెకన్ల టైమర్ పెట్టాను. అందరూ చాలా బాగుందన్నారు.

ఆ రోజు మాస్టారు గంటసేపు ప్రయత్నించారట. ఏ పెట్టె దగ్గరా ఆయన కంప్యూటర్ ఆగలేదు. చివరికి పదో తరగతి చదివే మనవరాల్ని పిలిచి వేయించుకున్నారు. ఆ పిల్ల సంబరంగా 'తాతయ్య ఓటు ఈ అక్కకే' అని పేరుతో సహా మా గ్రూపులో పెట్టేసింది. పోటీలో ఉన్న ఇంకొకాయన మాస్టారి శిష్యుడు. ఆ సాయంత్రం మాస్టారింటికి వెళ్లి, నవ్వుతూనే, 'నేను పనికిరానా మాస్టారూ' అని అడిగారట. రెండు ఓట్ల తేడాతో ఆ అక్కే గెలిచింది. అప్పటి నుంచి మాస్టారు ఒక్క అక్షరం రాయలేదు. కొత్తపేట మీద మొదలుపెట్టిన పేజీ సగంలో ఆగిపోయింది. ఫోన్ చేస్తే 'ఏం లేదమ్మా, ఓపిక తగ్గింది' అంటారు. 2024 మే 13న ఎన్నికల్లో రెండు ఓట్లూ తన వేలితో తనే వేశానని మా అందరికీ ఎంత గర్వంగా చెప్పారో గుర్తొస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది.

తర్వాత అడిగి చూస్తే ఇంకో ముగ్గురు కూడా వేయలేకపోయారని తెలిసింది. ఒకాయనకు చేతులు వణుకుతాయి, టైమర్ అయిపోయింది. ఒకావిడకు ఏ పెట్టె ఎంపికైందో రంగులో తేడా కనపడలేదు. ఒకతని పాత ఫోన్లో ఫోటోలే రాలేదు. ఈ ముగ్గురూ ఎవరితోనూ చెప్పలేదు.

వచ్చే నెల సంపాదక బృందం కోసం మళ్లీ పోల్ ఉంది. మొత్తం తిరగరాస్తానంటే, నాతోపాటు వికీ మొదలుపెట్టిన నా చిన్ననాటి స్నేహితుడు ఒప్పుకోవడం లేదు. 'ఒక్కరి కోసం అంతా మార్చాలా? ఆయనకు ఫోన్ చేసి అడిగి మనమే వేద్దాం. లేదంటే ఆయనకు వేరే పేజీ పెట్టు' అంటాడు. 'చేసింది నువ్వేగా' అని కూడా అన్నాడు. నిజమే. అదే నన్ను తినేస్తోంది. మాస్టారి వీధిలోంచి వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్తున్నాను. ఏం చేయాలో చెప్పండి."

అమ్మా, మీ ఉత్తరం చదివాక రెండు రోజులు మాస్టారే కళ్లముందు మెదిలారు. ముందు మీ గురించి ఒక మాట. మీరు చేసింది తప్పే. అదేం పెద్ద విషయం కాదులే అని మిమ్మల్ని ఓదార్చను, అలా అంటే మాస్టారికి జరిగింది చిన్నదైపోతుంది. కానీ అది తెలియక చేసిన తప్పు. తెలిశాక మీరు మిగతా ముగ్గురి సంగతి కూడా అడిగి కనుక్కున్నారు. చాలామంది ఆ పని చేయరు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి అందరికీ బాగానే ఉందనుకుని ఊరుకుంటారు.

ఇక మాస్టారికి ఎక్కడ నొచ్చిందో చూద్దాం. ఆయన ఓటు వేయలేకపోయారన్నది మీ బాధ. నిజానికి ఓటు పడింది, లెక్కలోకీ వచ్చింది. ఆయన పోగొట్టుకున్నవి వేరు. తన చేత్తో తాను వేసుకోవడం ఒకటి, ఎవరికి వేశారో తన దగ్గరే దాచుకోవడం ఇంకొకటి. జీవితమంతా పాఠం చెప్పిన మనిషికి శిష్యుల్లో ఎవరు ఎక్కువ అన్న మాట ఎంత సున్నితమో మీకు తెలుసు. ఆయన ఎవరితోనూ అనని ఆ మాట ఒక్క సాయంత్రంలో ఊరందరి ఫోన్లలోకి వెళ్లింది. శిష్యుడు గుమ్మంలో నిలబడి అడిగితే ఆయన ఏం చెప్పగలరు? ఓపిక తగ్గిందన్న మాటలో ఇదంతా ఉంది.

ఇది నాకు మా అమ్మ వల్ల తెలిసింది. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో అమ్మకు చివరి ఆరేళ్లు చూపు ఆనేది కాదు. ఉత్తరాలు, మెసేజ్‌లు నేనే చదివి వినిపించేదాన్ని. మా పెద్దమ్మ రాసిన వాటిలో అమ్మ మనసు కష్టపెట్టే వాక్యాలుంటే వదిలేసి చదివేదాన్ని. ప్రేమతోనే చేశాను. అమ్మకు తెలుస్తూనే ఉండేది, ఏమీ అనేది కాదు. తర్వాత పక్కింటి కుర్రాడు, తెర మీద ఉన్నది ఫోనే చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఎలా వాడాలో ఆమెకు నేర్పాడు. మొదటిసారి పెద్దమ్మ మెసేజ్ ఇయర్‌ఫోన్లో తనంతట తాను విన్న రోజు అమ్మ గది తలుపు వేసుకుంది. అరగంట తర్వాత బయటికొచ్చి, "నాలుగేళ్ల తర్వాత మా అక్కా నేనూ మాట్లాడుకున్నామే" అంది. నేను ఎంత అడ్డుగా ఉన్నానో ఆ రోజు అర్థమైంది. ఇప్పటికీ గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది.

మాస్టారు చెప్పుకున్న మే 13 సంగతే తీసుకోండి. ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థి బటన్ పక్కనే వరుస సంఖ్య బ్రెయిలీ చుక్కల్లో ఉంటుంది. ఏ సంఖ్య ఎవరిదో తెలిసేలా పోలింగ్ కేంద్రంలో బ్రెయిలీ నమూనా పత్రం ఇస్తారు. పెద్ద వయసులో చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ చదవడం రాదు, కానీ అంకెల వరకు నేర్చుకోవడం అంత కష్టం కాదు. మాస్టారు బహుశా అలాగే నేర్చుకుని ఉంటారు. అది కుదరనివాళ్ల కోసం 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ అనే నియమం ఉంది. తోడుగా ఒకరిని తీసుకెళ్లవచ్చు. ఆ తోడు వచ్చేవాళ్లకు 18 ఏళ్లు నిండాలి. ఓటు రహస్యం కాపాడతానని, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లలేదని రాసివ్వాలి. తోడుగా వచ్చే చేతి వల్ల ఏమేం జరగవచ్చో ముందే ఆలోచించి పెట్టిన షరతులివి. మన ఎన్నికల్లో ఉన్న ఈ జాగ్రత్త మీ పోల్‌లో లేకపోయింది. ఆ పిల్లకు ఇది రహస్యమని ఎవరూ చెప్పలేదు. ఆమె తప్పేం లేదు.

మీ స్నేహితుడి మాటలకు వద్దాం. "ఒక్కరి కోసం" అన్నది లెక్కలోనే తప్పు. మీరే రాశారు, నలభై మందిలో నలుగురు ఇబ్బంది పడ్డారు. ఆ నలుగురికీ నాలుగు వేర్వేరు కారణాలు, నాలుగూ మీ పోల్‌లోంచే వచ్చాయి. మాస్టారి ఓటు ఎలాగో పడింది, మిగతా ముగ్గురివీ పడనేలేదు. రెండు ఓట్లతో తేలిన ఎన్నికలో ముగ్గురంటే ఫలితం అటూ ఇటూ అయ్యేంత. ఈ మాట అతనితో వాదన కోసం కాకుండా, కాగితం మీద వేసి చూపించండి. ఇంకో సంగతి కూడా చెప్పండి. ఇదే వికీలో నూట పది పేజీలు రాసిన మనిషి ఒక్క ఓటు వేయలేకపోయారంటే అడ్డుపడింది ఆయన చూపు కాదు. వికీలో రాసే పెట్టె మామూలు పెట్టె కాబట్టి ఆయనకు అందింది. పోల్ పెట్టె మీరు కొత్తగా కట్టింది కాబట్టి అందలేదు.

ఫోన్ చేసి అడిగి మనమే వేద్దామన్నారు కదా, దాని ఫలితం మీరు ఇప్పటికే చూశారు. చెయ్యి మాత్రమే మారుతుంది, అంతే. మనవరాలి బదులు నిర్వాహకులకు ఆయన మనసులో మాట తెలుస్తుంది. అయితే ఫోన్ దారిని పూర్తిగా మూసేయమని కూడా అనను. కంప్యూటర్ చెడిపోయినవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లు కోరుకుంటే, పోటీలో లేని ఒక మనిషి దగ్గర, రహస్యం కాపాడతానన్న మాట మీద, ఆ దారి ఉంచవచ్చు. వేరే దారి లేక ఒప్పుకోవాల్సి రావడం మాత్రం ఉండకూడదు.

వేరే పేజీ సంగతి చూడ్డానికి మంచిగానే ఉంటుంది. నేను గమనించినంతలో అలాంటి పేజీలు మొదటి నెల బాగుంటాయి. తర్వాత అసలు పేజీలో అభ్యర్థి పేరు మారుతుంది, గడువు పెరుగుతుంది, ఇక్కడ మార్చడం ఎవరికీ గుర్తుండదు. రెండు పేజీల ఓట్లు కలిపేటప్పుడు పొరపాట్లు వస్తాయి. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ పేజీలో ఓటు వేసేది ఒక్కరే అయితే ఆ ఓటు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. మాస్టారికి తగిలిన దెబ్బ మళ్లీ అక్కడే తగులుతుంది.

కాబట్టి ఒకే పేజీ అందరికీ పనికొచ్చేలా తిరగరాయడమే నాకు సబబు అనిపిస్తోంది. అది మీరు భయపడేంత పని కాదు, చాలావరకు మీరు కష్టపడి కట్టినవి తీసేయడమే. మీకు తెలిసినవే అయినా, ఇలాంటి పనిలో ఉన్న మిగతా పాఠకుల కోసం కాస్త వివరంగా రాస్తాను.

ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వాడేవాళ్లలో చాలామంది మౌస్‌తో పని చేయరు. కీబోర్డు మీద ట్యాబ్, బాణం గుర్తులు, స్పేస్‌బార్ లాంటి మీటలతోనే నడుస్తారు. బొమ్మ మీద నొక్కితే పనిచేసేలా మీరు స్క్రిప్టుతో కట్టిన పెట్టె కంటికి బటన్‌లా కనిపిస్తుంది, కానీ ట్యాబ్ అక్కడ ఆగదు, అది బటన్ అని రీడర్‌కు తెలియదు. మాస్టారు గంటసేపు ఆ పేజీలో తలుపు లేని గోడ తడుముకుంటూ తిరిగారన్నమాట. దాని బదులు వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ముందే ఉన్న మామూలు రేడియో బటన్లు, అంటే ఒకదాన్నే ఎంచుకోనిచ్చే గుండ్రటి బటన్లు పెట్టండి. అన్నిటినీ ఒక ఫీల్డ్‌సెట్‌లో (ఒకే ప్రశ్నకు చెందిన బటన్ల గుంపు) చేర్చి, ప్రశ్నను దాని శీర్షికగా, అంటే లెజెండ్‌గా రాయండి. ప్రతి బటన్‌కూ లేబుల్ జతచేసి అందులో అభ్యర్థి పేరు రాయండి. అప్పుడు ట్యాబ్ నొక్కగానే ప్రశ్న వినిపిస్తుంది. బాణం గుర్తుతో కదిలితే పేరు, ముగ్గురిలో ఎన్నోది, ఎంపికైందా లేదా అన్నీ వినిపిస్తాయి. లేబుల్ సరిగ్గా కడితే పేరు మీద ఎక్కడ తాకినా ఎంపికవుతుంది, కాబట్టి చేతులు వణికే పెద్దాయనకూ సులువు. ఫోటోలు ఉంచుకోవచ్చు. పేరు పక్కనే రాసి ఉంది కాబట్టి రీడర్ వాటిని దాటేసేలా బొమ్మ వివరణ ఖాళీగా వదిలేయండి. ఖాళీగా వదలడం, అసలు ఇవ్వకపోవడం ఒకటి కాదు. ఇవ్వకపోతే కొన్నిసార్లు ఫైల్ పేరులోని అంకెలన్నీ చదువుతుంది.

రంగు ఒక్కటే గుర్తుగా ఉండకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మన చుట్టూనే ఉంటారు, వాళ్లకే ఆ సంగతి తెలియకపోవచ్చు. రేడియో బటన్‌లో చుక్క ఎలాగూ ఉంటుంది. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వెబ్ పేజీలు అందరికీ అందాలని 2008లో ఇచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాల్లోనే ఈ మాట ఉంది. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలన్నదీ అందులోదే. మే నెల ఎండలో మిర్చి యార్డు బయట నిలబడి, లేత బూడిద రంగు అక్షరాలు ఫోన్లో చదవడానికి ప్రయత్నిస్తే ఆ అంకె ఎందుకు పెట్టారో చూపున్నవాళ్లకూ తెలుస్తుంది. తాకాల్సిన బటన్ కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలన్నది ఆ మార్గదర్శకాల్లో 2023లో వచ్చిన 2.2లో చేర్చారు. మీరు ఇంకా పెద్దవే పెట్టండి.

టైమర్ తీసేయండి. పోల్‌కు రోజుల గడువు ఎలాగూ ఉంది, తొంభై సెకన్లతో ఏ దొంగనూ పట్టుకోలేదు. ఎప్పుడైనా టైమర్ తప్పనిసరైతే, అయిపోయే ముందు హెచ్చరించి, ఒక మీట నొక్కి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, అలా పదిసార్లయినా పొడిగించుకోనివ్వాలని అదే మార్గదర్శకాలు చెబుతాయి. క్యాప్చా కూడా మీకు అక్కర్లేదు. నలభై మందికీ ఖాతాలున్నాయి. లాగిన్ అయినవాళ్లే వేస్తారు, ఒక ఖాతాకు ఒక ఓటు. వంకర అక్షరాల బొమ్మ మనిషిని గుర్తుపట్టడానికి పెట్టింది. మాస్టారిని అది మనిషి కాదని బయటికి పంపింది. నాకు ఆ ఊహే భరించలేనిదిగా ఉంది.

ఓటు వేశాక "మీ ఓటు నమోదైంది" అని తెర మీద కనిపిస్తే సరిపోదు, వినపడాలి. ఆ వాక్యానికి కోడ్‌లో స్టేటస్ అనే గుర్తింపు (రోల్) ఇస్తే రీడర్ దాన్ని తనంతట తానే చదువుతుంది. లేకపోతే ఆయన మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంటారు. ఎవరినీ ఎంచుకోకుండా పంపితే ఏం తప్పిందో మాటల్లో చెప్పాలి, పెట్టె చుట్టూ ఎర్ర గీత చాలదు. ఫలితాలను గుండ్రటి చార్టుగా పెట్టినా, కింద పేర్లు, ఓట్లు ఉన్న మామూలు పట్టిక కూడా పెట్టండి. ఓట్లు పడుతుంటే అంకెలు వాటంతటవే మారుతూ ఉండే ఏర్పాటు వద్దు. వినేవాళ్ల చెవిలో మాట మాటకూ అడ్డొస్తుంది.

తెలుగు వికీలకు ప్రత్యేకమైన సంగతులు రెండున్నాయి. మీ పోల్ స్క్రిప్టులో పేజీ భాష ఇంగ్లిష్ అని ఉండిపోయి ఉంటే, తెలుగు పేర్లను రీడర్ ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి ముక్కలు చేయవచ్చు. భాష తెలుగు అని రాసి చూసుకోండి. రెండోది, అభ్యర్థుల పరిచయాలు ఎవరైనా డీటీపీ చేయించి బొమ్మగానో, అచ్చుపనిలో వాడే అను ఫాంట్లలోనో పంపితే అలాగే అతికించకండి. బొమ్మలోని అక్షరాలు రీడర్‌కు అక్షరాలు కావు. అను ఫాంట్ల మాటర్ యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల్లోకి మార్చకపోతే అర్థంలేని గుర్తుల వరుసగా వినిపిస్తుంది. గుంటూరు, విజయవాడల్లో అచ్చుపని ఎక్కువ కాబట్టి ఈ ఇబ్బంది మీకు తప్పకుండా వస్తుంది.

ఇక్కడ మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వికీలో ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో చరిత్ర పేజీలో ఉండిపోతుంది. పేజీలకు అది బలం, ఓటుకు అదే ప్రమాదం. అందుకే ఓట్లను పేజీలో రాయకుండా విడిగా దాచాలి, ఓటు వేసిన వేళ కూడా ఓటు పక్కన ఉండకూడదు. నలభై మందిలో వేళను బట్టి మనిషిని పట్టేయడం తేలిక. మరి వేసిన ఓటు గడువులోగా మార్చుకునే వీలు ఇవ్వాలా? ఇస్తే, మనవరాలో కొడుకో పొరపాటున ఇంకొకటి నొక్కినా మాస్టారు తర్వాత సరిచేసుకోవచ్చు. కానీ అందుకోసం పేరుకూ ఓటుకూ ముడి గడువు దాకా ఉంచాలి, ఆ డేటా చూడగలిగే మీ ఇద్దరినీ అందరూ నమ్మాలి. ఇవ్వకపోతే ముడి వెంటనే తెంపేయవచ్చు, రహస్యం గట్టిగా ఉంటుంది, పొరపాటు మాత్రం పొరపాటుగానే మిగులుతుంది. వికీపీడియాను నడిపే వికీమీడియా తన ఎన్నికల్లో వాడే సెక్యూర్‌పోల్ అనే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ వేస్తే చివరి ఓటే లెక్కకు వస్తుంది, ఓట్లకు తాళం వేసి ఉంచే ఏర్పాటూ ఉంది. మీ వికీ, వికీపీడియాకు వాడే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంటే అదీ ఒక దారి, కానీ పెట్టుకోవడానికి శ్రమ ఉంది, నలభై మందికి అంత అవసరమా అన్నది మీరే చూసుకోవాలి. ఏది ఎంచుకున్నా ముందే అందరికీ చెప్పండి. ఓటింగ్ మొదలయ్యాక ప్రశ్ననూ పేర్లనూ ఎవరూ దిద్దకుండా తాళం వేయండి. ఒకరికి వేసిన ఓటు పేరు మారి ఇంకొకరికి వెళ్లడం కంటే ఘోరం ఉండదు.

ఇంకో చిన్న దారి కూడా ఉంది, మీరు గమనించారో లేదో. అన్నిటికీ పోల్ అక్కర్లేదు. బ్రాడీపేట అని రాయాలా, బ్రాడిపేట అని రాయాలా అన్నదానికి ఓట్లెందుకు? ఒకటి పేజీ పేరుగా ఉంచి రెండోదాన్ని దారిమార్పు చేస్తే, అంటే ఆ పేరుతో వచ్చినా అదే పేజీకి చేరేలా చేస్తే సరిపోతుంది. తెలుగు వికీపీడియాలో అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటుకు రచ్చబండ అని పేరు. అక్కడ అభిప్రాయం రాసి, చివర నాలుగు టిల్డాలు (~~~~) కొడితే సంతకం పడుతుంది. మాస్టారికి అది ఇప్పటికే చేతనైన పని. పేజీల సంగతులు అలా బహిరంగంగా మాట్లాడుకోండి. మనుషుల్ని ఎన్నుకునేటప్పుడు మాత్రమే రహస్య ఓటు పెట్టండి. రహస్యం లేని దారిలో మనుషుల్ని ఎన్నుకుంటే మాస్టారి లాంటివాళ్లు మర్యాద కోసం అసలు ఓటే వేయరు.

చట్టం మాట కూడా మీ స్నేహితుడి దగ్గర వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఎన్నికల సామగ్రి, పోలింగ్ కేంద్రాలు అందరికీ అందుబాటులో ఉండాలని 11వ సెక్షన్, ప్రభుత్వమైనా ప్రైవేటైనా సేవలు అందించేవాళ్లు అందుబాటు నియమాలు పాటించాలని 46వ సెక్షన్ చెబుతున్నాయి. చదివి ఉంచుకోండి. కానీ చిన్ననాటి స్నేహితుడి ముందు సెక్షన్లు పెట్టి మాట్లాడకండి. "చేసింది నువ్వేగా" అన్నవాడు తను కూడా చూసి బాగుందన్న సంగతి లోపల మరిచిపోయి ఉండడు. తర్కంతో అతను మారడు. ఒక గంట కూర్చోబెట్టి, ఎన్‌వీడీఏ ఉచితమే కాబట్టి అతని కంప్యూటర్లో వేసి, తెర ఆపేసి, మీ పాత పోల్‌లో ఓటు వేయమనండి. తర్వాత కొత్తదాంట్లో వేయమనండి. మీరేమీ మాట్లాడకండి.

వచ్చే నెల గడువులోపు ఇదంతా కుదరకపోతే పోల్ రెండు వారాలు వాయిదా వేయండి. ఆ రెండు వారాలు సంపాదక బృందం లేకుండా వికీ నడుస్తుంది.

జరిగిపోయిన ఎన్నిక మాట కష్టమైనది. మళ్లీ పెట్టమంటే గెలిచిన ఆవిడకు అవమానంగా ఉండవచ్చు, మాస్టారి పేరు మళ్లీ అందరి నోళ్లలో పడుతుంది, ఆయన కోరుకునే చివరి విషయం అదే అయి ఉంటుంది. పెట్టకపోతే, వేయలేకపోయిన ముగ్గురి మాట అలాగే మిగిలిపోతుంది. మధ్యలో ఒక దారి చూడవచ్చు. ముందు గెలిచిన ఆవిడతో ఒంటరిగా మాట్లాడండి, లెక్క మొత్తం ఆమె ముందు పెట్టండి. తర్వాత గ్రూపులో మీ పేరుతో, ఎవరి పేరూ ఎత్తకుండా, "నేను కట్టిన పోల్‌లో కొంతమంది ఓటు వేయలేకపోయారు, తప్పు నాది, కొత్తది ఇలా ఉంటుంది" అని రాయండి. నిర్వాహక పదవికి మళ్లీ ఎన్నిక కావాలో, ఆవిడ పదవీకాలం తగ్గించి ముందుగానే పెట్టాలో సభ్యులే తేల్చుకుంటారు. ఆవిడే మళ్లీ పెట్టమని అడగవచ్చు కూడా. అప్పుడు అది అవమానం కాదు, ఆమె గౌరవం పెరుగుతుంది. ఆ శిష్యుడితో మాత్రం ఎవరూ ఏమీ అనకండి. ఆయన నవ్వుతూ అడిగిన మాట ఆయనకూ గుచ్చుకుంటూ ఉండవచ్చు.

ఇక మాస్టారి ఇంటికి వెళ్లడం. చుట్టు తిరిగి వెళ్లడం మానేయండి. ఫోన్‌లో కాదు, మనిషిగా వెళ్లండి. మొదటి రోజు ల్యాప్‌టాప్ తీసుకెళ్లకండి. క్షమాపణ అడిగి ఆ వెంటనే "కాస్త ఇది పరీక్షించి పెట్టండి మాస్టారూ" అంటే, క్షమాపణ కాస్తా పని కోసం వచ్చినట్టు అవుతుంది. "మీ ఓటు మీ చేత్తో వేసుకునే వీలు లేకుండా నేనే చేశాను" అని ఆ ఒక్క మాట నేరుగా చెప్పండి, కారణాలు చెప్పకండి. ఆయన ఫర్వాలేదంటే ఫర్వాలేదనుకోకండి, కోప్పడితే కూర్చుని వినండి. కొత్త పోల్ పరీక్షించమని అడగడం తర్వాతి మాట, అదీ ఆయన ఇష్టమైతేనే. ఆయన ఒక్కరినే కాకుండా, చేతులు వణికే పెద్దాయన్నీ, రంగులు తెలియని ఆవిడనూ, పాత ఫోన్ అబ్బాయినీ కూడా అడగండి. పరీక్షించినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, వికీలో రాయండి. అది పనే, మేలు కాదు. పరీక్ష కోసం వేసే ఓట్లలో నిజమైన మనుషుల పేర్లు పెట్టకండి. గుంటూరు గోంగూర, బందరు లడ్డు, తాపేశ్వరం కాజా అని పెట్టుకోండి.

మనవరాలితో విడిగా మాట్లాడండి. ఇంట్లో ఎవరైనా ఆ పిల్లను తిట్టి ఉంటే ఆమె మనసులో ఏముందో మీకు తెలియదు. తాతయ్యకు సాయం చేయబోయి తాతయ్య రాయడం మానేయడానికి కారణమయ్యానన్న భారం పదిహేనేళ్ల పిల్ల మోయకూడదు. పెట్టెలు కట్టింది మీరని ఆమెకు చెప్పండి.

మాస్టారి గదిలో కూర్చున్నాక పోల్ గురించి కాకుండా, కొత్తపేట పేజీ ఎక్కడ ఆగిందో అడగండి. ఆ వీధుల్లో తర్వాత ఏ ఇల్లు రావాలో ఆయనకు గుర్తుండే ఉంటుంది.